‘పరిశుద్ధపరచుదు…’ తరువాత ‘రు’ ఉండాలా, ‘ను’ ఉండాలా?

డాబా గార్డెన్స్ నుండి:
మా నాన్నగారు ప్రసంగాల కోసం రాసుకున్న నోటు పుస్తకంలోని ఒక వాక్యం నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. ‘నా నామమును పరిశుద్ధపరచుదు’ అన్నంతవరకు నీలిసిరా స్పష్టంగానే ఉంది గాని, చివరి అక్షరం చెమ్మకు అలికిపోయి కొమ్ము మాత్రమే మిగిలింది. అధ్యాయం రాయలేదు, పక్కన 23 అని ఉంది. బైబిలులో చూస్తే, ‘రు’ అయితే యెషయా 29, ‘ను’ అయితే యెహెజ్కేలు 36. రెండుచోట్లా 23వ వచనమే. ఏది సబబో పెద్దలు చెప్పగలరు.

గాజువాక నుండి:
అమ్మా, సందేహం అక్కరలేదు, అది ‘రు’. యెహెజ్కేలులో ‘నా ఘనమైన నామమును నేను’ అని ఉంటుంది. వాక్యం రాసుకునే బోధకుడు ‘ఘనమైన’ అన్న మాటను వదలడు.

మద్దిలపాలెం నుండి:
మాస్టారూ, జ్ఞాపకం మీద రాసుకునేవారు విశేషణాలను వదిలేయడం కద్దు. నేను అర్థాన్ని బట్టి ‘ను’ అంటాను. బబులోను చెరలో ఉన్న జనాన్ని చూసి ‘వీరు యెహోవా ప్రజలు, అయినా ఆయన దేశం విడిచి రావలసి వచ్చింది’ అని అన్యజనులు చెప్పుకొన్నారు. నామం అపవిత్రమైనది అలా. దానిని మైలపరచినవారే మళ్ళీ శుద్ధి చేయగలరా? అందుకే దేవుడు ‘మీ నిమిత్తము కాదు’ అని ముందే తేల్చి, ఆ పనిని తానే చేపట్టాడు. ప్రవచనంలో ఆయన పరిశుద్ధత మన యోగ్యత మీద ఆధారపడదు.

గాజువాక నుండి:
ఆధారపడదన్న మాట నాకూ సమ్మతమే. అయితే ‘పరచు’ అనగానే లేనిదాన్ని కలిగించడమని అనుకోనక్కరలేదు. ఘనుణ్ణి ఘనపరచినప్పుడు మనం ఆయనకు కొత్తగా ఘనత తెచ్చిపెట్టడం లేదు గదా! హెబ్రీలో యెషయా 29:23లో ఉన్న ప్రేరణార్థక రూపమే యెషయా 8:13లోనూ ఉంది, అక్కడ మన అనువాదకులు ‘పరిశుద్ధుడనుకొనుడి’ అన్నారు. సంఖ్యాకాండం 20:12లో, మోషే బండను కొట్టిన ఘట్టంలో, అదే క్రియకు ‘నా పరిశుద్ధతను సన్మానించు’ అని రాశారు. ఆ ‘సన్మానించు’ నాకెంతో ఇష్టం. దేవుడు పరిశుద్ధుడే, నలుగురి కళ్ళెదుట ఆ సంగతిని మన్నించామా లేదా అన్నదే మోషే ముందున్న ప్రశ్న, మన ముందున్నదీ అదే. యెహెజ్కేలులోని క్రియారూపం వేరు.

భీమునిపట్నం నుండి:
ఈ చర్చ విశాఖలో జరగడం నాకు సంతోషం. క్రాన్, డె గ్రాంజ్ అనే మిషనరీలు 1805లో ఇక్కడికి వచ్చి, తెలుగు పండితుడైన ఆనందరాయరు సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. ప్రిచెట్ పూర్తి చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. ఆ మీదట పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) రాగతాళాలతో కీర్తనలు కట్టి, ఈ భాషను సామాన్యుల నోటికి తెచ్చారు. దేవుణ్ణి ఘనపరచడమంటే ఏమిటో వ్యాకరణం కన్నా ఆ కీర్తనలే నాకు బాగా నేర్పాయి. కీర్తన పాడేటప్పుడు కర్త ఎవరన్న ప్రశ్నే రాదు. మనమే పాడతాం, కాబట్టి నా ఓటు ‘రు’కే.

మద్దిలపాలెం నుండి:
అయ్యా, చౌదరిగారంటే నాకూ ప్రాణమే. కాని పాటతో సరిపెట్టుకోవడాన్ని ప్రవక్తలు ఒప్పుకోలేదు. పెదవులతో ఘనపరుస్తూ హృదయాన్ని దూరం చేసుకొన్నారని గద్దించింది ఆ 29వ అధ్యాయమే, 13వ వచనంలో. గుడ్డి పశువును బలికి తెచ్చేవారిని మలాకీ ‘దానిని నీ అధికారికిచ్చి చూడు, సంతోషిస్తాడా?’ అని అడిగాడు. కలెక్టరుగారి ముందుకు తీసుకుపోవడానికి సిగ్గుపడేదాన్ని మనం ఆదివారం కానుకల సంచిలో వేస్తున్నామేమో చూసుకోవాలి.

గాజువాక నుండి:
మీరు చెప్పినదంతా ‘రు’నే బలపరుస్తోంది, గమనించారా? నీతిని బట్టి పరిశుద్ధ దేవుడు తనను పరిశుద్ధునిగా కనుపరచుకొంటాడని యెషయా 5:16 చెబుతుంది. దానికి కాస్త ముందు, ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకొనేవారిని ఆయన గద్దిస్తాడు. కొలపాత్రను చిన్నది చేసి తూకపురాయిని పెద్దది చేసేవారి మీద ఆమోసు విరుచుకుపడ్డాడు. పూర్ణా మార్కెట్లో బియ్యం కొట్టు నడిపే విశ్వాసి, ఎవరూ చూడనప్పుడు కూడా కాటాను సరిగ్గా నిలిపితే, అక్కడ ఆయన నామం పరిశుద్ధపరచబడుతోంది. ఆ కాటా పట్టుకున్న చెయ్యి మనిషిదే గదా.

మద్దిలపాలెం నుండి:
చెయ్యి మనిషిదే, కాని ఆ మనస్సు ఎవరిచ్చారు? అదే యెహెజ్కేలు 36లో, 26వ వచనంలో, రాతిగుండెను తీసివేసి మాంసపు గుండెను ఇస్తానని ఉంది. ‘మీయందు నేను నన్ను పరిశుద్ధపరచుకొనగా’ అన్న పాదాన్ని మరొకసారి చదవండి.

డాబా గార్డెన్స్ నుండి:
ఆ ‘మీయందు’ దగ్గరే నేను ఆగిపోయాను మాస్టారూ. ఇక్కడ ‘అందు’ను అధికరణంగా, అంటే ‘మీలో’ అని, తీసుకోవాలా, లేక కరణంగా, ‘మీ ద్వారా’ అని, తీసుకోవాలా? రెండోదే అయితే ‘రు’, ‘ను’ రెండూ ఒకే పనిని చెబుతున్నాయనిపిస్తోంది.

గాజువాక నుండి:
అధికరణమేనమ్మా. ‘యందు’కు కరణార్థం చెప్పాలంటే ప్రయోగం చూపించాలి.

మద్దిలపాలెం నుండి:
సాయంత్రానికి చూపిస్తాను.