వెబ్‌సైట్ ఆగిపోయింది, ధ్రువీకరణ మెయిల్ రావడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్న (అయనావరం, చెన్నై):
నమస్కారమండి. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు వంటలు చేసి పంపుతుంటాం. మా డాట్ కామ్ డొమైన్ (వెబ్‌సైట్ పేరు) మీది వెబ్‌సైట్ సోమవారం నుంచి తెరుచుకోవడం లేదు. దాని బదులు ‘సంప్రదింపు వివరాల ధ్రువీకరణ పూర్తికాలేదు’ అనే పేజీ వస్తోంది. డబ్బు కట్టాల్సిన గడువేమో వచ్చే ఏడాది దాకా ఉంది. వెబ్‌సైట్ చేసిపెట్టిన అబ్బాయి గత నెల హైదరాబాదు వెళ్లిపోతూ డొమైన్ ఖాతా నాకు అప్పగించాడు. అందులో అతని మెయిల్ తీసేసి మా సొంత మెయిల్ పెట్టాను. ధ్రువీకరణ మెయిల్ మళ్లీ పంపమని నొక్కితే ‘పంపాం’ అంటోంది, ఇక్కడ మాత్రం ఏదీ చేరడం లేదు. అసలే ముహూర్తాల రోజులు. ఈలోపు మా పేరు ఇంకెవరైనా కొనేసుకుంటారా?

జవాబు (వేళచ్చేరి):
అమ్మా, ముందు ఒక్క సంగతి చెప్పండి. ఆ సొంత మెయిల్ జీమెయిలా, మీ డొమైన్ పేరు మీదే ఉన్నదా?

అయనావరం:
మా డొమైన్ మీదిదేనండి. చూసేవాళ్లకు గౌరవంగా ఉంటుందని అలా పెట్టాం.

వేళచ్చేరి:
అక్కడే ఉంది చిక్కు. డొమైన్‌ను ఆపితే ఆగేది వెబ్‌సైట్ ఒక్కటే కాదు, దాని మీద నడిచే మెయిల్ కూడా ఆగుతుంది. రిజిస్ట్రార్, అంటే మీకు డొమైన్ పేరు అమ్మినవాడు, నిజంగానే మెయిల్ పంపుతున్నాడు, అది చేరాల్సిన పెట్టెకు తాళం వేసిందీ ఆయనే. మీరు ఎన్నిసార్లు నొక్కినా రాదు.

ఇలా ఎందుకు ఆపుతారంటే, డాట్ కామ్, డాట్ నెట్ వంటి పేర్లు అమ్మే ప్రతి రిజిస్ట్రారూ ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థతో ఒప్పందం చేసుకుని ఉంటాడు. 2013 నాటి ఆ ఒప్పందం ప్రకారం కొత్తగా పేరు కొన్నా, యజమాని వివరాలు మార్చినా 15 రోజుల్లోగా మెయిల్ గానీ ఫోను గానీ ధ్రువపరచుకోవాలి. జవాబు రాకపోతే రిజిస్ట్రార్ స్వయంగా విచారించి తేల్చుకోవాలి, లేదంటే డొమైన్‌ను నిలిపివేయాలి. విచారించే ఓపిక ఎక్కువమందికి ఉండదు, నిలిపివేయడమే వాళ్లకు తేలిక. మీరు మార్చిన మొదటి రోజుల్లో డొమైన్ బాగానే నడుస్తోంది కనుక, అప్పుడు వచ్చిన మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సింది: ఖాతాలోకి వెళ్లి యజమాని మెయిల్‌గా మీరు రోజూ ఫోనులో చూసే జీమెయిల్ లాంటిది పెట్టండి. కొత్త మెయిల్‌కు లింకు వస్తుంది, నొక్కండి. మార్పుకు పాత చిరునామా నుంచి కూడా సమ్మతి కావాలని అడిగితే, అది పనిచేయడం లేదు కనుక కస్టమర్ కేర్‌కు ఫోను చేసి, ఖాతాలో ఉన్న ఫోను నంబరుతో ధ్రువపరచమని అడగండి. ధ్రువీకరణ అయ్యాక వెబ్‌సైట్ కొన్ని గంటల్లో తిరిగి వస్తుంది, కొన్నిచోట్ల ఒక రోజు పడుతుంది.

పేరు పోతుందన్న భయం వద్దు. ఐకాన్ లుకప్ పేజీలో మీ డొమైన్ కొట్టి చూడండి. ‘క్లయింట్ హోల్డ్’ అని ఉంటే అది కేవలం నిలుపుదల. పేరు మీదే, కట్టిన గడువూ అలాగే ఉంటుంది. గడువు దాటడం వేరే వ్యవహారం. అప్పుడు కూడా నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, దాటిన 5 రోజుల్లోపు మరోసారి హెచ్చరించాలి. తొలగించాక కూడా డాట్ కామ్‌కు 30 రోజుల విమోచన గడువు ఉంటుంది, ఆ దశలో వెనక్కి తెచ్చుకోవాలంటే మాత్రం రుసుము బాగా ఎక్కువ. అయితే ఈ హెచ్చరికలన్నీ వెళ్లేది కూడా ఆ మెయిల్‌కే. అందుకే అంత గట్టిగా చెబుతున్నాను.

పెరంబూరు:
నాదీ ఒక సందేహం. ఇంటి చిరునామా, ఫోను నంబరు లోకానికంతా కనిపిస్తాయని భయపడి మా బావమరిది ఏదో ఒక నంబరు వేశాడు. ఏమైనా అవుతుందా?

వేళచ్చేరి:
మార్పించండి. కావాలని తప్పు వివరాలిస్తే, లేదా రిజిస్ట్రార్ అడిగినప్పుడు 15 రోజులు దాటినా బదులివ్వకపోతే పేరు రద్దు చేసేంత అధికారం ఆ ఒప్పందంలో ఉంది. ఇల్లు మారినా, నంబరు మారినా 7 రోజుల్లోగా సరిచేయాలనీ అందులో ఉంది, ఎవరూ చదవరు. ఆ భయం కూడా పాత రోజులది. యూరప్ గోప్యతా చట్టం 2018 మేలో అమల్లోకి వచ్చాక చాలా రిజిస్ట్రార్లు వ్యక్తుల వివరాలను బహిరంగంగా చూపడం మానేశారు. డొమైన్ ఎవరిదో చూసే పాత హూయిజ్ వెతుకులాట కూడా 2025 జనవరి 28 తర్వాత తప్పనిసరి కాదు, దాని స్థానంలో ఆర్‌డీఏపీ అనే కొత్త పద్ధతి వచ్చింది. మీ వాళ్లది డాట్ కామేనా?

పెరంబూరు:
కాదండి, డాట్ ఇన్.

వేళచ్చేరి:
అయితే సంగతి కొంచెం వేరు. డాట్ ఇన్ చూసేది మన దేశపు నిక్సీ సంస్థ, ఐకాన్ ఒప్పందంలోని 15 రోజుల లెక్క దానికి నేరుగా వర్తించదు. కానీ పేరు దాచే ప్రైవసీ సేవలను నిక్సీ అనుమతించదు. అసలు వివరాలే ఇవ్వాలి. తప్పుడు నంబరు ఇంకా ప్రమాదం.

టి.నగర్:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. ‘ధ్రువీకరించకపోతే డొమైన్ పోతుంది’ అంటూ మోసపు మెయిళ్లు కూడా తిరుగుతున్నాయి. మా దుకాణానికి వచ్చినదాంట్లో రిజిస్ట్రార్ పేరు సరిగ్గానే ఉంది, పంపిన చిరునామాలో మాత్రం ఒక అక్షరం తేడా. కార్డు నంబరు అడిగారంటే అది దొంగదే, ధ్రువీకరణకు డబ్బు కట్టనక్కర్లేదు. అనుమానం ఉంటే లింకు నొక్కకుండా, ఖాతా చిరునామా మీరే టైపు చేసి లోపలికి వెళ్లి చూడండి.

అయనావరం:
జీమెయిల్ పెట్టానండి, లింకు వచ్చింది, నొక్కాను. ఇంకొకటి కనిపించింది. యజమాని పేరు దగ్గర ఇప్పటికీ ఆ అబ్బాయి పేరే ఉంది. పరవాలేదా?

వేళచ్చేరి:
పరవాలేదని అనలేను. డబ్బు మీరు పెట్టి ఇల్లు కట్టి, పట్టా మేస్త్రీ పేరున ఉంచినట్టు అది. రేపు తగాదా వస్తే రికార్డులో ఉన్న పేరుకే విలువ. అతనితో మంచిగా ఉన్నప్పుడే మాట్లాడి, మీ పేరు లేదా మీ సంస్థ పేరు వేయించండి. ఒక్కటి గుర్తుంచుకోండి: యజమాని పేరో మెయిలో మారిస్తే 60 రోజులపాటు డొమైన్‌ను వేరే రిజిస్ట్రార్‌కు తరలించనివ్వకపోవచ్చు. ఆ ఆంక్ష వద్దా అని కొన్నిచోట్ల మార్పుకు ముందే అడుగుతారు, ఆ గడి చూసుకుని నొక్కండి. తరలించే ఆలోచనే లేకపోతే ఆ 60 రోజులతో మీకు పని లేదు.