‘మూడేళ్ల నుంచి’ అంటే ఫ్రమ్ ఎందుకు కాదు?

కొత్త_ఉద్యోగి: మెయిల్లో ‘ఐయామ్ వర్కింగ్ హియర్ ఫ్రమ్ త్రీ ఇయర్స్’ అని రాస్తే టీమ్ లీడ్ తప్పన్నారు. సిన్స్ పెట్టాలా?

నల్లబల్ల: సిన్స్ కూడా కాదండీ. ‘ఎంతకాలం’ అన్నదానికి జవాబైతే ఫర్: ‘ఫర్ త్రీ ఇయర్స్’. ‘ఎప్పుడు మొదలైంది’ అన్నదానికైతే సిన్స్: ‘సిన్స్ 2021’, ‘సిన్స్ మండే’. మనం రెంటికీ ‘నుంచి’ అనేస్తాం, చిక్కంతా అక్కడే. పైగా క్రియ కూడా మారాలి. అప్పుడు మొదలై ఇంకా సాగుతున్న పని కాబట్టి ‘ఐ హావ్ బీన్ వర్కింగ్’. ఒక్క ఫర్ మార్చి వదిలేస్తే వాక్యం సగమే బాగుపడుతుంది.

పెన్సిల్‌ముక్క: ‘సిన్స్ లాస్ట్ త్రీ ఇయర్స్’ అనీ తెగ రాస్తుంటారు. అదీ తప్పే, ‘ఫర్ ద లాస్ట్ త్రీ ఇయర్స్’ అనాలి.

కొత్త_ఉద్యోగి: మరి ఫ్రమ్ ఎక్కడ?

నల్లబల్ల: మొదలు, చివర రెండూ చెప్పేటప్పుడు: ‘ఫ్రమ్ నైన్ టు ఫైవ్’. ఇకపై మొదలయ్యేదానికీ సరిపోతుంది: ‘ఐ విల్ బి ఆన్ లీవ్ ఫ్రమ్ మండే’.

గళ్లనోటుబుక్కు: పనిలో పని, శుక్రవారంకల్లా పంపమనాలంటే ‘బై ఫ్రైడే’. ‘టిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారం దాకా పంపుతూనే ఉండమని!