మా సోలార్‌కి ఆదివారం సెలవా? 3 కిలోవాట్లకు 8 యూనిట్లే వస్తున్నాయి

కుట్టుమిషన్ (తాడిపత్రి)

ముందు గదిలో నా టైలరింగ్ షాపు, వెనక ఇల్లు. పోయిన అక్టోబరులో సూర్య ఘర్ పథకం కింద మిద్దె మీద సోలార్ పెట్టించుకున్నాం. 540 వాట్ల ప్యానెల్స్ ఆరు, వాటి కరెంటును ఇంటి కరెంటుగా మార్చే 3 కిలోవాట్ల ఇన్వర్టర్, మేం వాడగా మిగిలి వీధి లైనులోకి పోయేది లెక్కగట్టే నెట్ మీటర్. 78 వేల సబ్సిడీ కూడా ఖాతాలో పడింది, ఆ విషయంలో పేచీ లేదు.

పేచీ అంతా యూనిట్ల దగ్గరే. నవంబరులో రోజుకు 11, 12 వచ్చేవి. సంక్రాంతి దాటినప్పటి నుంచి తగ్గుతూ వచ్చి 8 దగ్గర ఆగింది. ఎండ చూస్తే రోజురోజుకీ ముదురుతోంది. పెట్టినవాళ్లకు ఫోన్ చేస్తే "బండల దుమ్మమ్మా, కడగండి" అంటారు. మా ఊళ్లో తలనొప్పి వచ్చినా బండల దుమ్మే అంటారు లెండి. వారానికోసారి నాలుగు బిందెల బోరు నీళ్లు మోసి కడుగుతున్నా. కడిగిన రోజు అర యూనిట్ పెరుగుతుంది, అంతే.

జాకెట్ కొలతల పుస్తకం వెనక పేజీలో రోజూ సాయంత్రం రాస్తున్నా. పోయిన వారం సోమవారం 8.4, మంగళ 8.1, బుధ 8.8, ఆదివారం మాత్రం 6.2. నాలుగు వారాలుగా ఆదివారానికి ఇదే వరస. మా వెనక వీధిలోని బండల పాలిష్ ఫ్యాక్టరీ ఆదివారం మూత. దుమ్ము లేని రోజే తక్కువ రావడమేంటి?

బోరునీళ్లు (అనంతపురం)

అక్కా, ముందు ఆ బోరు నీళ్లు ఆపండి. మన జిల్లా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అద్దం మీద ఆరిపోతే తెల్లగా పొర కడుతుంది, అది దుమ్ము కంటే మొండిది. నేను ఏడాది అట్లే కడిగి చేజేతులా పాడు చేసుకున్నా. కొళాయి నీళ్లతో, పొద్దున్నే అద్దం చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో తుడవండి. మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. సర్ఫు పొడి అసలు వద్దు.

ప్యానెల్ కింది అంచు కూడా చూడండి. వాలు తక్కువైతే బురద జారి ఫ్రేమ్ దగ్గర పట్టీలా గట్టిపడుతుంది. చూడ్డానికి వేలెడంతే, కానీ ఆ వరసలో కరెంటు పుట్టించే సెల్స్ (చిన్న పలకలు) మూసుకుపోతే నష్టం దానికి ఎన్నో రెట్లుంటుంది.

పెన్నా గట్టు (ప్రొద్దుటూరు)

వేడి సంగతి ఎవరూ చెప్పలేదే! ప్యానెల్ మీద రాసుండే వాట్లు 25 డిగ్రీల దగ్గర లెక్క. మన ఎండకు ప్యానెల్ 65 దాకా కాలుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున చూసుకున్నా 14 శాతం పోయినట్టే. అమెరికాలో మా బావమరిది ఇంటికి పెంకుల్లాంటి సోలార్ షింగిల్స్ వేయించుకున్నాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ కింద గాలి ఆడదు, వేసవిలో తిట్టుకుంటుంటాడు. మీ ప్యానెల్స్ కింద ఎంత సందుంది?

ప్లయర్ (కర్నూలు)

అమ్మా, ఆదివారం లెక్క రాసి పెట్టినందుకు మీకు దండం పెట్టాల. వేడికైనా దుమ్ముకైనా వారం తెలీదు. ఇది ప్యానెల్స్ జబ్బు కాదని నా అనుమానం.

ఇన్వర్టర్ యాప్‌లో ఒకరోజు గ్రాఫ్ తెరిచి చూడండి. దుమ్మైతే గ్రాఫ్ కొండలాగే ఉంటుంది, కాకపోతే పొట్టిగా. నీడైతే రోజూ ఒకే టైముకు ఒక పక్క కొరికినట్టుంటుంది. మిట్టమధ్యాహ్నం నేల దాకా పడిపోయి, మళ్లీ లేచి, మళ్లీ పడి రంపం పళ్లలా ఉంటే ఇన్వర్టర్ ఆగి ఆగి నడుస్తోందని అర్థం.

ఎందుకంటే, మీ కరెంటు వీధి లైనులోకి పోవాలంటే ఇన్వర్టర్ వోల్టేజీ లైను కంటే కాస్త ఎక్కువుండాల. లైనే ఎక్కువలో ఉంటే ఇది ఇంకా పైకి ఎక్కాల. లిమిట్ దాటగానే ఆగిపోతుంది, కొన్ని నిమిషాలు చూసి మళ్లీ మొదలుపెడుతుంది. చాలావాటికి లిమిట్ 230 వోల్టులకు పది శాతం పైన, అంటే 253. ఇన్వర్టర్‌ను బట్టి మారొచ్చు. మీ వీధిలో ఈ మధ్య ఇంకెవరైనా సోలార్ పెట్టించారా? ఇన్వర్టర్‌కూ మీటరుకూ మధ్య వైరు ఎంత పొడవు, ఎంత మందం? ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మధ్యాహ్నం పన్నెండున్నరకు రెండు చోట్లా వోల్టేజీ చూడమనండి. మీరు మాత్రం మల్టీమీటర్ పట్టుకోవద్దు. ప్యానెల్స్ వైపు కనెక్టర్లు ఎండలో ఎవరూ పీకకూడదు, మంట లేస్తుంది.

కుట్టుమిషన్

గ్రాఫ్ చూశా. పళ్లూడిన దువ్వెనలా ఉంది! సంక్రాంతి తర్వాత ఎదురింటివాళ్లు, మూలింటివాళ్లు సోలార్ పెట్టించుకున్న మాట నిజమే. నాకది తట్టనే లేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. మీటర్ దగ్గర 249, మెట్ల గదిలో ఇన్వర్టర్ దగ్గర 255. మధ్యలో వైరు 35 మీటర్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల మందం. మేం అక్కడ ఉండగానే ఇన్వర్టర్ టక్కుమని ఆగింది. అప్పుడే షాపులో అమ్మాయి ఇస్త్రీ పెట్టె వేసింది. ఆ కరెంటు ఇక్కడే ఖర్చయ్యేసరికి మీటర్ దగ్గర 247కి దిగింది, ఇన్వర్టర్ మళ్లీ మొదలయ్యాక 252 దగ్గర నిలబడి ఆగకుండా నడిచింది. ఆదివారం షాపు మూత, ఇస్త్రీ ఉండదు. అంటే నేను పని చేస్తే అదీ చేస్తుంది, నేను రెస్ట్ తీసుకుంటే అదీ తీసుకుంటుంది.

ప్లయర్

దొరికింది దొంగ. రానూ పోనూ 70 మీటర్ల సన్న తీగ, అర ఓం పైనే. 11, 12 ఆంపియర్లు పోతుంటే ఆ 6 వోల్టులు అక్కడే పెరుగుతున్నాయి. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించండి, రెండున్నరకు దిగుతుంది. ఇన్వర్టర్ సెట్టింగులో లిమిట్ పెంచేస్తే సరిపోతుందని ఎవరైనా అంటారు, ఒప్పుకోవద్దు. అదే వోల్టేజీ మీ ఫ్రిజ్జూ తినాల కదా. లైను 249 ఉండటం కూడా ఎక్కువే. ముగ్గురి సోలార్ ఒకే ఫేజ్ (వీధి లైను మూడు తీగల్లో ఒకటి) మీద పడిందేమో చూసి మార్చమని, ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ సర్దే ట్యాప్ తగ్గించమని కరెంటు ఆఫీసులో రాసివ్వండి. రీడింగులు, టైము వేసి రాయండి. నోటిమాటకు విలువుండదు.

కుట్టుమిషన్

పది రోజుల తర్వాత రాస్తున్నా. వైరు మార్చారు. పెట్టినవాళ్లు మొదట మాది తప్పు కాదన్నారు, గ్రాఫ్ చూపించాక సగం ఖర్చు పెట్టుకున్నారు. నిన్న 11.9 వచ్చింది. ఆదివారం 10.6, రెండుసార్లే ఆగింది. పెన్నా గట్టు అన్నా, ప్యానెల్స్ కింద జానెడు సందుంది, గాలి బాగానే ఆడుతోంది. బోరు నీళ్లు మానేశా, పదిహేను రోజులకోసారి కొళాయి నీళ్లతో తుడుస్తున్నాం. కింది అంచున నిజంగానే వేలెడు బురద పట్టీ ఉంది, ప్లాస్టిక్ స్కేలుతో గీకితే గానీ రాలేదు.

ఆఫీసులో రాసిచ్చా. లైన్‌మన్ వచ్చి స్తంభం చూసిపోయాడు, ఫేజ్ మారుస్తామన్నాడు. అప్పటిదాకా ఇంట్లో బట్టలన్నీ ఆదివారం మధ్యాహ్నమే ఇస్త్రీ చేసుకుంటున్నా.