తోమాస్ ఎలోయ్ మార్తీనెస్ ప్రవాస జీవితం గురించి సహాయం కావాలి

అర్జెంటీనాలోని తుకుమాన్‌లో 1934లో పుట్టి, పాత్రికేయుడిగా పనిచేస్తూ ప్రాణాలకు బెదిరింపులు రావడంతో 1975లో దేశం విడిచి వెనెజువెలాకు వెళ్ళిన స్పానిష్ భాషా నవలాకారుడు తోమాస్ ఎలోయ్ మార్తీనెస్ జీవితాన్ని తెలుగు పాఠకులకు పరిచయం చేస్తూ ఒక వ్యాసం రాస్తున్నాను. అర్జెంటీనా అధ్యక్షుడిగా ఉన్న హువాన్ పెరోన్ భార్య ఎవా పెరోన్ మృతదేహం చుట్టూ అల్లిన నవల ‘సాంతా ఎవీతా’ (1995) చదివినప్పటి నుంచి ఆయన నన్ను వదలలేదు. చరిత్ర ఎక్కడ ఆగి కల్పన ఎక్కడ మొదలైందో తెలియనివ్వని ఆ నేర్పు పాత్రికేయం నుంచే వచ్చిందని నా నమ్మకం. అయితే, న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉంటూ, చుట్టూ ఇంగ్లీషు వినిపిస్తున్నా స్పానిష్‌లోనే రాసిన ఆ సంవత్సరాలే నాకు ముఖ్యం. ఆ బోధన ఆయన రచనను, ముఖ్యంగా న్యూజెర్సీలోనే కథ నడిచే ‘పుర్గతోరియో’ (2008)ను, ఎలా మలిచిందో వివరించే ఇంటర్వ్యూలు గానీ వ్యాసాలు గానీ చదివినవారు దయచేసి తెలియజేయగలరా? స్పానిష్ నేరుగా చదవగలిగినవారి అభిప్రాయం మరింత విలువైనది.