సమస్య: ఆవగింజలో నడవియే యవతరించె

నిర్వాహకుడు:
పోపుల డబ్బా కడిగి బోర్లించిన తడిగుడ్డ మీద నాలుగు ఆవాలు మిగిలిపోయి మొలకెత్తాయి. చూస్తుంటే ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి.

పోపులపెట్టె:
మా వంటింటి కిటికీలో జరిగినదే రాశాను.

పాత పంచెను తడిపి నా పళ్లెమందు
చల్లి మూడు దినములు నేఁ జల్ల నీరు
కిటికి చెంతను పచ్చగఁ గేలు మోడ్చి
యావగింజలో నడవియే యవతరించె

గోదారిగట్టు:
"కేలు మోడ్చి" దగ్గర ఆగిపోయానమ్మా. ఆవ మొలక మొదటి రెండాకులు అచ్చం జోడించిన అరచేతులే. కానీ మూడు రోజులకు తెల్లటి ముక్కే బయటికొస్తుంది. పచ్చగా ఆకు విప్పాలంటే వారం పడుతుంది కదా?

పోపులపెట్టె:
నిజమేనండి. "చల్లి యొక్క వారము నేను జల్ల నీరు" అని మారుస్తున్నాను. మొదటి రెండు రోజులు మూత వేసి ఉంచి, తర్వాత వెలుతురులో పెట్టాను. పూటపూటా నీళ్లు చిలకరించడమే, నిలవ ఉండకూడదు. గింజలు మాత్రం వంటకు కొన్నవే వాడండి. పొలానికి అమ్మే విత్తనాలకు మందు పట్టించి ఉంటుంది.

గోదారిగట్టు:
నాది కిసాగోతమి కథ. చనిపోయిన బిడ్డను బతికించమని బుద్ధుణ్ణి వేడుకున్న తల్లి ఆమె.

చావు లేనట్టి యింటికిఁ జనుము తల్లి,
పిడికెడావాలు తెమ్మన్న భిక్షు మాట
విని తిరిగె నామె యూరెల్ల, వెతలతోడ
నావగింజలో నడవియే యవతరించె

నిర్వాహకుడు:
అడవిని దుఃఖాటవి చేశారు. మూడో పాదం చదువుతుంటే గొంతు పట్టేసింది.

లఘువు:
పద్యం బాగుంది, మొలక ఏదండీ? బుద్ధుడు అడిగిన ఆవాలు ఆమెకు దొరకనే లేదు. నేనైతే ఇక్కడ ఇంగ్లండులో, లీడ్స్‌ ఊళ్లో నా చేతులతో పడ్డ పాటు రాశాను.

జాడి లోపల వేసితి జిగురు పట్టె
కడిగి కడిగియు విసిగితిఁ, గంపు గొట్టె
నమ్మ చెప్పగ గుడ్డపై నద్దినంత
నావగింజలో నడవియే యవతరించె

గోదారిగట్టు:
జాడికి జిగురా? "జా"కు "జి" ఏ లెక్కన యతి అండీ? పాదం మొదటి అక్షరానికి నడుమ వచ్చే యతి అక్షరం అచ్చులోనూ పొసగాలి కదా. పోయినసారి గుమ్మడికాయ సమస్యలో నా "వింత – బిందె" యతి తప్పని నలుగురిలో అన్నది మీరే. వ–బలను ఒకటిగా లెక్కించే అభేదయతి ఉందని అప్పుడే చెప్పాను, మీరు వినలేదు. నేనింకా మరిచిపోలేదు.

పోపులపెట్టె:
యతి సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. ఆ జిగురు మాత్రం నిజం. తెల్లావాలు తడిస్తే చుట్టూ బంకలా కడుతుంది. మెంతులకూ పెసలకూ పనికొచ్చే జాడీ వీటికి పనికిరాదు, గాలాడక కుళ్లుతాయి. గుడ్డ మీద పలచగా చల్లడమే మేలు. కంపు కొట్టినవి పారేశారు కదా, బాబూ?

లఘువు:
పారేశానండి. అవి తెల్లావాలే. ఇంగ్లండులో ఆవ మొలకలు, క్రెస్ అనే ఆకుకూర మొలకలు కలిపి శాండ్‌విచ్‌లో పెట్టుకోవడం పాత అలవాటు. నాకు మాత్రం పెరుగు పచ్చడిలో కలిపితేనే నచ్చింది. యతి దిద్దాను: "జాడి లోపల వేసితి, జారె జిగురు".

సీమపద్యం:
నేను పాదాన్ని విరిచాను, చూడండి.

ముక్కు పుటముల నదిరించు ముద్ద యెద్ది?
పనస పొట్టున కది లేక పాడి యగునె?
యెందు నొదిగెను వనమని యెంచి చూడ
నావ, గింజలో నడవియే యవతరించె

నిర్వాహకుడు:
"ఆవ" దగ్గర ఆపి, "గింజలో" అని మళ్లీ ఎత్తుకోవడం! ఈ పాదం ఇచ్చిన నాకే ఆ విరుపు కనబడలేదు. అడిగిన ప్రశ్నలకు వరుసగా జవాబులిచ్చే క్రమాలంకారం చక్కగా కుదిరింది.

గోదారిగట్టు:
పనసపొట్టు కూర మాది, ఈ విరుపు నాకు తట్టాల్సింది. మనసులో కష్టంగానే ఉంది. అయినా ఈ వారం పూరణల్లో ఇదే మేటిది. కూర దించాకే ఆవ పెడతామని కూడా ఎక్కడైనా ఇమిడిస్తే ఇంకా బాగుండేది.

సీమపద్యం:
ఆ మాట నాలుగు పాదాల్లో ఇమడలేదండి. ఘాటు గింజలో ముందే ఉండదు. గింజ నలిగి తడి తగిలితే మైరోసినేజ్ అనే ఎంజైము గింజలోని సినిగ్రిన్ అనే పదార్థాన్ని విడగొడుతుంది, అప్పుడు పుడుతుంది. పొయ్యి మీద పెడితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. మొలక నమిలినప్పుడు ముక్కుకెక్కేదీ ఆ ఘాటే.

పోపులపెట్టె:
మరి మా అత్తయ్యగారికీ చిన్నపిల్లకూ నేను ఉడికించే పెడతాను. వెచ్చటి తడిలో మొలకతో పాటు క్రిములూ పెరుగుతాయి. గర్భిణులు కూడా పచ్చివి తినకపోవడమే మంచిది. ఘాటు తగ్గితే తగ్గనివ్వండి.

లఘువు:
గోదారిగట్టు గారూ, ఛందస్సు నియమాలు చెప్పే లక్షణ గ్రంథం తీసి చూశాను. మీ "వింత – బిందె" సరైనదే. ఆ రోజు పొరబడింది నేను.

గోదారిగట్టు:
సంతోషమండి. ఈ మాట గుమ్మడికాయ సమస్య కింద కూడా రాయండి. అక్కడ చదివినవాళ్లు ఇక్కడికి రారు.