అప్‌డేట్: కోట్స్‌వోల్డ్స్ బొంత మీద ముడతలు పోయాయి

ఇంగ్లండ్‌లోని కోట్స్‌వోల్డ్స్ ప్రాంతపు పల్లెల్లో గడిపిన సెలవుల గుర్తుగా మొదలుపెట్టిన అతుకుల బొంత మిషన్ మీద కుడుతుంటే పై గుడ్డ ముడతలు పడుతోందని అడిగాను కదా, సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

దారం టెన్షన్ కాదు, సూదీ కాదు. రెండు వారాలు అవే మార్చి చూస్తూ నా టెన్షన్ పెంచుకున్నాను. మిషన్ రిపేరు చేసే ఆయన చూడగానే చెప్పారు: మిషన్‌లో తప్పేం లేదు, సూది కింద గుడ్డను జరిపే పళ్లు అడుగు గుడ్డనే లాగుతున్నాయి, మధ్యలో దూది పొర ఉండటంతో పైది వెనకబడుతోంది. మీలో ఒకరు చెప్పిన వాకింగ్ ఫుట్ (మిషన్‌కి మామూలు పాదం బదులు బిగించే ప్రత్యేక పాదం) బిగించాక సరిపోయింది. అది పై గుడ్డనూ అదే వేగంతో జరుపుతుంది. పిన్నులు కూడా బెత్తెడు దూరానికొకటి పెట్టాను.

ఇప్పుడు అక్కడి బిబరీ అనే ఊళ్లో చూసిన ఆర్లింగ్టన్ రో ఇళ్ల వరుస కుడుతున్నా. 1380లో ఉన్ని గిడ్డంగిగా కట్టి, 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మార్చారట. ఆ తేనెరంగు రాయికి సరిపోయే గుడ్డ మా అమ్మ పాత మంగళగిరి చీరలో దొరికింది! పగలు ఆర్డర్ బొంతలు, రాత్రి భోజనాలయ్యాక అరగంట ఇది. ఇంకో నాలుగు ఇళ్లు, ఒక పొగగొట్టం మిగిలాయి.