‘ఫ్లింట్‌స్టోన్స్’ తర్వాత ఏది చూడమంటారు?

నెల రోజులుగా రాత్రి భోజనాలయ్యాక నేను, మా అబ్బాయి పాత అమెరికన్ హాస్య ధారావాహికలు చూస్తున్నాం. ముందు 1955 నాటి ‘ది హనీమూనర్స్’. బ్రూక్లిన్‌లో బస్సు నడిపే రాల్ఫ్ అరుపులు, భార్య ఆలిస్ తాపీగా తిప్పికొట్టే మాటలు నాకు తెగ నచ్చాయి. మావాడు మాత్రం ఆ ఒక్క గదినే చూసి చూసి ఆవలించాడు. తర్వాత 1960లో మొదలైన రాతియుగపు బొమ్మల కథ ‘ది ఫ్లింట్‌స్టోన్స్’. పని ముగిసిన కూత వినగానే ఫ్రెడ్ డైనోసార్ తోక మీదుగా జర్రున జారడం, కాళ్లతో కారు పరుగెత్తించడం చూసి వాడు పడీపడీ నవ్వాడు. నాకేమో రాల్ఫే రాతియుగానికి వెళ్లినట్టుంది! బొమ్మల కథకు వెనక ఆ నవ్వుల శబ్దం ఎందుకో మరి.

ఇక ‘ది సింప్సన్స్’ చూద్దామనుకుంటున్నాం. 1989 నాటి మొదటి భాగం నుంచే మొదలుపెట్టాలా, నేరుగా మూడో సీజన్‌కు వెళ్లవచ్చా? పదకొండేళ్ల పిల్లవాడి పక్కన కూర్చుని చూడదగినదేనా? చూసినవారు కాస్త చెప్పండి.